రెండు దేశాల రాక్ పాటల రచయితల మధ్య సంగీత బంధుత్వాన్ని చెవితో తేల్చుకోవడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాలలో గిటారు పట్టే పిల్లలు ఇప్పుడు కొత్త కాదు. పాత రాక్ పాటలను ఫోనులో వినేవారూ కొత్త కాదు. నలుగురు కూడి పాటలు వినే చోట తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "ఈయన పాట అచ్చం ఆయన పాటలాగే ఉంది." ఎక్కడ ఉంది, ఎట్లా ఉంది అని అడిగితే మాత్రం సమాధానం గొంతు దగ్గరో గిటారు మోత దగ్గరో ఆగిపోతుంది. వేర్వేరు దేశాలలో పుట్టి పెరిగిన ఇద్దరు పాటల రచయితల మధ్య నిజంగా సంగీత బంధుత్వం ఉందా అన్నది తేల్చుకోవడానికి, తేలినదాన్ని పదిమంది ముందు పాట వినిపించి నిరూపించడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణకు అమెరికాకు చెందిన బాబ్ డిలన్‌ను, ఇంగ్లాండుకు చెందిన జార్జ్ హారిసన్‌ను తీసుకుంటాను. ఈ పద్ధతికి ఆధారమైన అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది: ఇద్దరి మధ్య బంధుత్వం పోలికలో కన్నా కొరతలో బాగా తెలుస్తుంది. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉండి, అది చేతులు మారిన చోటు పాటలో వినబడితే, వారి గొంతులు ఎంత వేరైనా వారు బంధువులే.

జంటను ఎంచుకోవడం

మీకు ఇష్టమైన ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పని మొదలుపెట్టకండి. ఇద్దరూ కలిసి పాట కట్టి ఉండాలి, లేదా ఒకరి పాటను మరొకరు పాడి ఉండాలి, లేదా ఫలానా పాట నుంచి ఫలానాది తీసుకున్నానని వారిలో ఒకరు స్వయంగా చెప్పి ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటైనా లేకపోతే మీ చేతిలో ఉన్నది పోలిక మాత్రమే. దాని మీద అరగంట మాట్లాడవచ్చు గాని ఏమీ తేల్చలేరు. అమెరికా గాయకుడు ఇగ్గీ పాప్, ఇంగ్లాండు గాయకుడు డేవిడ్ బౌవీల జంట ఈ పరీక్షకు సులభంగా నిలుస్తుంది: ఇద్దరూ కలిసి రాసిన "చైనా గర్ల్" 1977లో ఇగ్గీ పాప్ రికార్డులో వచ్చింది, 1983లో బౌవీ దాన్ని తన రికార్డులో తిరిగి పాడాడు. డిలన్, హారిసన్‌ల విషయంలో మూడు ఆధారాలూ ఉన్నాయి కనుక మొదటిసారి ఈ పని చేసేవారికి ఆ జంటే అనువైనది.

ఉమ్మడి పూర్వీకుల కోసం వెతకడం

ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఇద్దరి జీవితాలలోని తేదీలను ఎదురెదురుగా రాయండి. డిలన్ 1941 మే 24న మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టి, ఇనుప గనుల ఊరైన హిబ్బింగ్‌లో పెరిగాడు. హారిసన్ 1943 ఫిబ్రవరి 25న రేవు పట్టణమైన లివర్‌పూల్‌లో బస్సు కండక్టరు ఇంట్లో పుట్టాడు. ఇంతవరకు ఇద్దరికీ సంబంధం ఏమీ కనిపించదు. ఇప్పుడు పదిహేను, పదిహేడేళ్ళ వయసులో వారు ఏమి విన్నారో రాయండి. డిలన్ 1959 జనవరి 31న డులూత్‌లో అమెరికా రాక్ గాయకుడు బడ్డీ హాలీ కచేరీకి వెళ్ళాడు. ఆ తరువాత మూడు రోజులకే, ఫిబ్రవరి 3న, హాలీ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అంతకు ముందు ఏడాది, 1958లో, లివర్‌పూల్‌లోని ఒక చిన్న రికార్డింగు గదిలో తరువాత బీటిల్స్ బృందంగా పేరు తెచ్చుకున్న హారిసన్, జాన్ లెన్నన్, పాల్ మెకార్ట్నీ మొదటిసారిగా రికార్డు చేసిన పాటలలో ఒకటి అదే బడ్డీ హాలీ పాట. ఇద్దరూ కలుసుకోవడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు ఉండగానే ఒకే మనిషి పాట ఇద్దరి చేతులలోకీ వచ్చింది.

రెండో పూర్వీకుడు అమెరికా నల్లజాతి జానపద గాయకుడు లెడ్ బెల్లీ. ఆయన పాడిన పాట ఒకటి బ్రిటన్ గాయకుడు లానీ డోనెగన్ గొంతులో 1956లో ఇంగ్లాండులో మారుమోగింది. స్కిఫిల్ అనే ఆ చవక గిటారు సంగీతం వెంట పడిన పిల్లలలో హారిసన్ ఒకడు. డిలన్‌కు లెడ్ బెల్లీ రికార్డు నేరుగా చేతికందింది; తనకు అదెంత పెద్ద మలుపో 2017 నాటి నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పాడు. ఒకే చెరువు తూము కింద పారే రెండు పొలాలలో వేర్వేరు పంటలు వేసినా నీటి రుచి ఒకటే అయినట్టు, ఈ ఇద్దరి పాటల అడుగున ఉన్న మూడు కార్డ్స్ (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే పట్టులు) నడక ఒకటే కావడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. అందువల్ల ఇక్కడ జాగ్రత్త అవసరం. ఉమ్మడి పూర్వీకుడి నుంచి ఇద్దరికీ వచ్చినదాన్ని ఒకరి నుంచి ఒకరు తీసుకున్నట్టుగా ఎప్పుడూ లెక్క రాయకండి. మన బతుకమ్మ పాటలలో పాలమూరు వైపు ఆడవాళ్ళూ నల్లగొండ వైపు ఆడవాళ్ళూ చరణం చివర "ఉయ్యాలో" అంటారు. అంతమాత్రాన ఒక ఊరివారు మరో ఊరివారి పాట తీసుకున్నారని ఎవరూ అనరు గదా.

గొంతును పక్కన పెట్టి వినడం

ఇదే ఈ పనిలో ముఖ్యమైన భాగం, ఎక్కువ సమయం కేటాయించవలసిన భాగం కూడా. ముందుగా వినే సాధనం సరిచూసుకోండి. ఫోను స్పీకరులో బేస్ గిటారు దాదాపు వినబడదు కనుక తీగ ఉన్న హెడ్‌ఫోను వాడండి. బీటిల్స్ బృందం 1968 నవంబరు 22న విడుదల చేసిన జంట రికార్డులో హారిసన్ రాసిన "లాంగ్ లాంగ్ లాంగ్" అనే పాట ఈ పరీక్షకు బాగా పనికివస్తుంది. అది చాలా మెల్లగా, దాదాపు గొణుగుతున్నట్టుగా సాగి, మధ్యమధ్య డ్రమ్స్ మోతతో ఉలిక్కిపడేట్టు చేస్తుంది. పాట చివరలో ఆర్గన్ మీద ఒక కింది స్వరం వాయించినప్పుడు స్పీకరు మీద ఉన్న వైన్ సీసా గలగలలాడింది. ఆ చప్పుడును వారు తీసివేయకుండా రికార్డులోనే ఉంచారు. ఆ గలగల మీకు స్పష్టంగా వినబడకపోతే ఇక ముందుకు వెళ్ళే ముందు హెడ్‌ఫోనైనా మార్చండి, గదైనా మార్చండి.

అదే పాటను ఇప్పుడు డిలన్ 1966లో రికార్డు చేసిన "శాడ్ ఐడ్ లేడీ ఆఫ్ ది లోలాండ్స్"తో కలిపి వినాలి. డిలన్ పాట పదకొండు నిమిషాలకు పైగా ఉంటుంది; జంట రికార్డులో చివరి వైపంతా అదొక్కటే. హారిసన్ పాట మూడు నిమిషాలలో ముగుస్తుంది. మామూలుగా వినేవారికి ఈ రెండింటికీ ఏ సంబంధమూ తోచదు. కాని 1980లో వచ్చిన తన "ఐ మీ మైన్" పుస్తకంలో హారిసన్ తన పాటలోని కార్డ్స్ డిలన్ పాట నుంచి వచ్చి ఉంటాయని చెబుతూ డి, ఈ మైనర్, ఏ, తిరిగి డి అన్న నడకను పేర్కొన్నాడు. ఈ మాటను నమ్మి ఊరుకోకుండా చేతితో సరిచూడండి.

మొదటిసారి పాట వింటూ బల్ల మీద వేలితో తాళం వేయండి. రెండు పాటలూ మూడు మూడు మాత్రలుగా నడుస్తాయి. మన వాళ్ళు తిశ్రం అనే నడక ఇది, దప్పు మీద చేయి తిరిగినవారికి వెంటనే పట్టుబడుతుంది. రాక్ సంగీతంలో నాలుగు మాత్రల నడకే రాజ్యమేలుతుంది కనుక ఈ మూడు మాత్రల ఊపు దానికదే ఒక ఆనవాలు. రెండోసారి గిటారు తీసుకుని, పాడకుండా, ఆ మూడు కార్డ్స్ మాత్రమే ఊపుకు తగ్గట్టు వాయించండి. రెండు రికార్డుల శ్రుతి ఒకటి కాదు కనుక క్యాపోను (శ్రుతి పెంచడానికి గిటారు మెడ మీద బిగించే పట్టీని) జరుపుకుంటూ సరిపోయే చోటు వెతకాలి. వేళ్ళ పట్టు మారదు, క్యాపో స్థానమే మారుతుంది. గిటారు లేనివారు హార్మోనియం మీద ఆధార షడ్జం పట్టుకుని, కార్డ్ మారిన ప్రతిచోటా కాగితం మీద గీత పెట్టుకున్నా సరిపోతుంది. మూడోసారి మాటలు మాత్రమే గమనించండి: ఒక్కో కార్డ్ మీద ఎన్ని అక్షరాలు కూర్చున్నాయో లెక్కించండి.

బంధుత్వం అసలు రూపం బయటపడేది ఈ మూడోసారే. డిలన్ ఆ మూడు కార్డ్స్ మీద పాదం తరువాత పాదంగా మాటలు పోస్తాడు; కార్డ్స్ ఆయనకు మాటలు మోసే బండి మాత్రమే. హారిసన్ అదే నడక మీద రెండు మూడు మాటలు పెట్టి, మిగతా చోటును మౌనానికీ డ్రమ్స్‌కూ వదిలేస్తాడు. ఒకరు మాటతో నింపిన ఖాళీని మరొకరు మౌనంతోనూ మోతతోనూ నింపారు. "రెండు పాటలలో కార్డ్స్ ఒకటే" అని రాసుకుంటే సగమే రాసుకున్నట్టు. ఆ కార్డ్స్ మధ్య చోటును ఎవరు దేనితో నింపారన్నది మిగతా సగం.

తాళాన్ని వంచే తీరు కూడా ఇదే విధంగా వినండి. ఒంటరిగా గిటారుతో పాడే రోజులలో డిలన్ మాట పొడవును బట్టి పాదాన్ని సాగదీసేవాడు, ఒక్కోసారి మాత్రలు పెంచేవాడు. మన ఒగ్గు కథకుడు వచనం పొడవును బట్టి డోలును ఆపి ఉంచే అలవాటు తెలిసినవారికి ఇది వింతగా ఉండదు. హారిసన్ కూడా తాళాన్ని వంచుతాడు గాని కారణం వేరు. 1966 నుంచి పండిట్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న హారిసన్ 1969లో "హియర్ కమ్స్ ది సన్" పాట మధ్యభాగంలో మాత్రలను మూడేసి, రెండేసి గుంపులుగా అమర్చాడు. ఆ పాటను ఏడో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డగీత) దగ్గర క్యాపో పెట్టి డి పట్టులతో వాయిస్తారు. మధ్యభాగాన్ని పాడకుండా చేతితో తాళం వేసి చూస్తే, నాలుగేసి మాత్రలు లెక్కించే అలవాటున్న చేయి ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది. ఇద్దరూ సమతాళానికి లొంగరు. ఒకరు మాట కోసం, ఒకరు లెక్క కోసం. ఇటువంటి జంటలను కాగితం మీద ఎదురెదురుగా రాసుకోవాలి.

చేతులు మారిన చోటు

ఇద్దరూ మొదటిసారి కలిసింది 1964 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని ఒక హోటల్‌లో. మన పనికి ఆ తేదీ కన్నా 1968 నవంబరు చివరి వారం ముఖ్యం. పైన చెప్పిన జంట రికార్డు విడుదలైన కొద్ది రోజులకే హారిసన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఉడ్‌స్టాక్ ప్రాంతంలో ఉన్న డిలన్ ఇంటికి వెళ్ళాడు. మొదట ఇద్దరికీ మాట కలవలేదు. గిటార్లు చేతికి వచ్చాకే పరిస్థితి మారింది. డిలన్‌కు హారిసన్ దగ్గరున్న కార్డ్స్ కావలసి వచ్చాయి, హారిసన్‌కు డిలన్ దగ్గరున్న మాటలు కావలసి వచ్చాయి. హారిసన్ మేజర్ సెవెన్త్ అనే మెత్తని కార్డ్ పట్టును గిటారు మెడ మీద పైకి జరుపుతూ వినిపించాడు, ఆ వరుస మీద డిలన్ మాటలు అందించాడు. ఆ విధంగా పుట్టిన "ఐడ్ హావ్ యూ ఎనీటైమ్" 1970 నవంబరులో వచ్చిన హారిసన్ "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" రికార్డులో మొట్టమొదటి పాట అయింది. మూడు ఎల్‌పీల రికార్డును తన సొంత పాటతో కాకుండా ఇద్దరూ కలిసి కట్టిన పాటతో మొదలుపెట్టడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఈ పాట వినేటప్పుడు డిలన్ పాటలలో మామూలుగా కనిపించని మెత్తని, తేలిపోయే కార్డ్స్ ఎక్కడ వస్తున్నాయో, హారిసన్ పాటలలో మామూలుగా కనిపించని సూటి మాట ఎక్కడ వస్తున్నదో గుర్తు పెట్టుకోండి. కొరత తీరిన చోటు అదే.

తరువాత ఒకే పాటను ఇద్దరూ పాడిన తీరు చూడాలి. "ఇఫ్ నాట్ ఫర్ యూ" డిలన్ రాసిన పాట. 1970 మే 1న న్యూయార్క్‌లో ఇద్దరూ కలిసి దాన్ని వాయించి చూశారు. అక్టోబరులో డిలన్ "న్యూ మార్నింగ్" రికార్డులోనూ, నవంబరులో హారిసన్ రికార్డులోనూ వచ్చింది. డిలన్ దాన్ని వడివడిగా, పనిలో ఉండి పాడుకున్నట్టుగా పాడతాడు. హారిసన్ వేగం తగ్గించి, చరణాల మధ్య స్లయిడ్ గిటారును (తీగల మీద గొట్టం జారుస్తూ వాయించేది) పాడనిస్తాడు. వరుసగా రెండుసార్లు వినండి. మొదటిసారి డిలన్‌ది ముందు, రెండోసారి హారిసన్‌ది ముందు. క్రమం మారగానే అభిప్రాయం మారడం చాలామందిలో గమనించవచ్చు, అందుకే ఒక్క వరుసలో విని తీర్పు చెప్పకూడదు. నాకైతే హారిసన్ పాడిందే ఆ పాటకు తగిన వేగమనిపిస్తుంది, డిలన్ అభిమానులు ఏమన్నా సరే.

బంధుత్వం, అప్పు, నకలు

ఈ మూడింటినీ విడదీయకపోతే సభలో ఎవరో ఒకరు లేచి "అయితే కాపీ కొట్టాడా?" అని అడుగుతారు, చర్చ అక్కడే చిక్కుకుపోతుంది. ముందే రెండు ఉదాహరణలు సిద్ధంగా ఉంచుకోండి. డిలన్ పాటలలో లోకమంతా ఎరిగిన "బ్లోయిన్ ఇన్ ది విండ్" బాణీకి మూలం బానిసత్వ కాలపు నల్లజాతివారి పాట ఒకటి; ఆ మాట డిలనే చెప్పాడు. జనం బాణీ తీసుకుని కొత్త మాట కట్టడం పాట లోకంలో పాత ఆచారం. నల్లగొండ ప్రాంతంలో సుద్దాల హనుమంతు సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల వంటి జానపద రూపాలలోకి పోరాటం మాటను ఎక్కించినప్పుడు దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. హారిసన్ విషయం వేరుగా నడిచింది. 1970 నాటి "మై స్వీట్ లార్డ్" బాణీ 1963లో అమెరికాలో మారుమోగిన "హీజ్ సో ఫైన్" బాణీకి దగ్గరగా ఉందని కేసు పడింది. తెలిసి చేయకపోయినా మనసు లోపల ఉండిపోయిన బాణీనే వాడాడని 1976లో న్యూయార్క్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒకటి ఊరందరి సొత్తు, మరొకటి హక్కుదారు ఉన్న పాట. బాణీ మొత్తంగా దిగితే అది నకలు. ఒక తీరు మాత్రమే తీసుకుని దానికి తనది కలిపితే బంధుత్వం. ఈ గీత ఎప్పుడూ సూటిగా ఉండదు, ఉందని సభలో వాదించకండి.

వేదిక మీది ఆధారాలు

వీటి మీద ఎక్కువసేపు నిలవనవసరం లేదు గాని వదిలివేయకూడదు. రవిశంకర్ కోరిక మీద హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రెండు కచేరీలు జరిపాడు. డిలన్ వస్తాడో రాడో చివరి క్షణం దాకా తెలియదు; హారిసన్ గిటారుకు అతికించుకున్న పాటల జాబితాలో "బాబ్" అన్న పేరు పక్కన ప్రశ్నార్థకమే ఉంది. డిలన్ వచ్చాడు, హారిసన్ ఆయన వెనుక నిలబడి గిటారు వాయించాడు. పాటతో ఉద్యమం నడిచిన తెలంగాణలో ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు.

1988లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఒక చిన్న రికార్డుకు అదనపు పాట కావలసి వచ్చి హారిసన్ కాలిఫోర్నియాలో మలిబూ దగ్గర డిలన్ ఇంటి గ్యారేజీలో మిత్రులను కూడగట్టాడు. అక్కడి పెట్టె మీద అతికించి ఉన్న "హ్యాండిల్ విత్ కేర్" అన్న హెచ్చరికే పాట పేరయింది. రాయ్ ఆర్బిసన్, టామ్ పెట్టీ, జెఫ్ లిన్‌లతో కలిసి ఆ ఐదుగురూ ట్రావెలింగ్ విల్‌బరీస్ అనే బృందమై, ఒకే తండ్రికి వేర్వేరు తల్లులకు పుట్టిన అన్నదమ్ములమని కట్టుకథ అల్లి, రికార్డు అట్ట మీద సొంత పేర్లు వేసుకోలేదు. మనం ఇంత కష్టపడి నిరూపించబోయే చుట్టరికాన్ని వారు వేళాకోళంగా ముందే ప్రకటించుకున్నారన్నమాట.

నలుగురికీ వినిపించడం

గంటసేపటి కూడికకు ఆరు పాటలు మించి పెట్టవద్దు. పదకొండు నిమిషాల పాటను మూడు చరణాల దాకా వినిపించి ఆపండి, లేకపోతే సగంమంది టీకి లేస్తారు. బ్లూటూత్ స్పీకరులో చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది కనుక పాటతో పాటు గిటారు వాయించి చూపాలనుకుంటే తీగతో కలిపిన స్పీకరే ఉండాలి. వేసవిలో కరెంటు నమ్మకం లేని చోట పాటలను ముందే ఫోనులోకి దించుకోండి. ఇంగ్లీషు మాటలు అందనివారు కూడికలో ఉంటే పాట అర్థం మొత్తం చెప్పవద్దు. ఆ పాదం ఎవరితో ఎవరు అంటున్నారో ఒక్క వాక్యంలో చెబితే చాలు, మిగతాది నడక చెబుతుంది.

మీరు కనుగొన్నదాన్ని రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ఒక పాట, ఆ పాటలో ఒక చోటు చూపించండి. "హారిసన్ మీద డిలన్ ప్రభావం ఉంది" అన్న వాక్యానికి చోటు చూపలేరు గనుక దాన్ని కొట్టివేయాలి. "ఈ మూడు కార్డ్స్ నడక ఆ పాటలోనిది, కాని డిలన్ మాటలు పోసిన చోట హారిసన్ డ్రమ్స్‌ను ఉంచాడు" అన్న వాక్యం నిలుస్తుంది, ఎందుకంటే సభలో ఎవరైనా లేచి వినిపించమంటే అక్కడికక్కడే వినిపించగలరు. కూడికలో మొదట "ఐడ్ హావ్ యూ ఎనీటైమ్" పెట్టండి, ఎవరు రాశారో చెప్పకుండా. మాటలు ఎవరివి, కార్డ్స్ ఎవరివి అని శ్రోతలను అడిగి, వారు చెప్పిన సమాధానాలను బోర్డు మీద రాసి, తరువాతి పాటకు వెళ్ళండి.